ఎస్సీ హోదా గొడవకు మూలం ఒంగోలులో ఉంది

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చినప్పటి నుంచి దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండాలా వద్దా అనే గొడవ మళ్లీ రాజుకుంది. గుంటూరు ప్రాంతంలోని ఒక పల్లెలో ప్రార్థనలు జరిపించే పాస్టర్ ఒకరు, తనను కులం పేరుతో తిట్టి కొట్టారని ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టారు. పదేళ్లుగా పాస్టర్‌గా పనిచేస్తున్న మనిషి క్రైస్తవుడే, ఆ మతంలో కులం లేదు, కాబట్టి ఆ చట్టం ఆయనకు వర్తించదంటూ కోర్టు కేసు కొట్టేసింది. ఆయన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా లెక్కలోకి రాలేదు.

మిషనరీలు ఎప్పుడు వచ్చారో, ఎక్కడ దిగారో అందరికీ తెలిసిందే. నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. సిలువ మీద వేలాడిన మనిషిలో ఏం చూసి మాదిగపల్లెలు అటు నడిచాయి? 1867 ప్రాంతంలో ఒంగోలులో జరిగిన ఒక సంగతి చూస్తే ఇవాళ్టి వాదన మొత్తం అర్థమవుతుంది.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరాడు. బ్రాహ్మణులూ కోమట్లూ మర్యాదగానే పలకరించారు, పిల్లల్ని బడికి పంపారు. ఊరి పెద్దలే ముందు కదిలితే మిగతావాళ్లు వెనకే వస్తారని అప్పటి మిషనరీలు చాలామంది నమ్మేవాళ్లు. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చినవాడు. 1866లోనే బాప్తిస్మం తీసుకుని, తన వాళ్లకు తానే చెప్పుకుంటూ తిరిగాడు. 1867 జనవరిలో ఆ పల్లె దగ్గర చింతతోపులో జరిగిన కూటాల్లో 28 మంది బాప్తిస్మం పొందారు.

ఒంగోలు పెద్దలు వెంటనే తేల్చి చెప్పారు: మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము. పై కులాల పిల్లలు బడి మానేశారు. క్లౌ దంపతులు ఏం చేయాలో తోచక, చెరో గదిలో కూర్చుని బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందని క్లౌ తర్వాత చెప్పాడు. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఒకటో అధ్యాయం. లోకం లెక్కలోకి రానివాళ్లంటూ తోసేసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే మాటలు అవి. సిలువ వేయబడిన క్రీస్తు యూదులకు ఆటంకం, గ్రీకులకు వెర్రితనం అని పౌలు చెప్పింది కూడా ఆ అధ్యాయంలోనే, కొన్ని వచనాల ముందు. క్లౌ మాదిగల వైపే నిలబడ్డాడు.

రోమా రాజ్యంలో సిలువ బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. రోమా పౌరుడికి సాధారణంగా వేసేవాళ్లు కాదు. యేసును చంపింది కూడా యెరూషలేము గవిని (కోట గుమ్మం) బయట. మాదిగపల్లెలో పుట్టి, ఊళ్లోకి చెప్పులేసుకుని నడవడానికి వీల్లేని మనిషికి ఆ కథలో వివరించి చెప్పాల్సింది ఏముంటుంది? ఆయన తన చోటికే వచ్చాడని తెలిసిపోతుంది.

ఆ నమ్మకం ఆదివారంతో ఆగలేదు. కొత్త విశ్వాసులు విగ్రహాలకు మొక్కేది లేదన్నారు, ఆదివారం పనికి వచ్చేది లేదన్నారు, చచ్చిన గొడ్డు తినేది లేదన్నారు. జాతరలో డప్పు కొట్టేది లేదని కూడా చెప్పేశారు. ఇది చిన్న మాట కాదు. మాదిగ డప్పు లేకుండా పోలేరమ్మ కొలుపు సాగదు. డప్పు ఆగితే ఊరి కొలుపు ఆగిపోయినట్టే. కరణాలూ మునసబులూ ఊరుకోలేదు. కొట్టించారు, దొంగతనం కేసులు బనాయించి జైలుకు పంపారు. సిలువ ఎత్తుకుని వెంబడించడమంటే ఆ తరానికి ఇదే. సిలువ ధ్యానాల్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు చెప్పే మన పాస్టర్లు ఈ దెబ్బల గురించి ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. అన్నం కోసం చేరారనే మాట పడకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం పొందారు. గోధుమల కోసం మతం మారారని ఇప్పటికీ అనేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి.

ఇక చట్టం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రలో వాళ్లకు బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ వర్గం) కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది కానీ అట్రాసిటీ చట్టం రక్షణ లేదు. అందుకే ఎన్నో ఇళ్లలో ఆదివారం చర్చి, సర్టిఫికెట్‌లో హిందూ మాదిగ. ఈ టెన్షన్ తరతరాలుగా నడుస్తోంది. అంటరానితనం హిందూ సమాజంలోది, మారినవాళ్లను చేరిస్తే ఉన్న వాటా పలచబడుతుందని అవతలి పక్షం అంటుంది. వాటా గురించిన భయం నిజమైనదే.

కానీ మతం మారితే కులం పోతుందనే మాట పల్లెలో ఎవరి విషయంలో నిజమైంది? గుంటూరు వైపు కమ్మ, రెడ్డి కాథలిక్కులు తరాలుగా ఉన్నారు. వాళ్ల కులం పోయిందని ఏ ఊళ్లోనూ అనరు. వాళ్ల సంబంధాలూ ఆ కులంలోనే కుదురుతాయి. క్రైస్తవ సంఘాల లోపలా తప్పుంది. మాల సంఘం, మాదిగ సంఘం అని విడిగా నడిచే చోట్లున్నాయి. చర్చిలో ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె తీసుకుని పెళ్లి మాట దగ్గర ఆగిపోవడం సిలువకు చేసే అవమానం. 2022లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ (కాథలిక్కుల్లో పోప్ తర్వాతి హోదా) అయినప్పుడు పత్రికలన్నీ మొదటి దళిత కార్డినల్ అనే రాశాయి. క్రైస్తవంలో కులం లేకపోతే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వొచ్చో లేదో చూడమని ఆ ఏడాదే కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 341వ అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు చట్టం చేస్తే చాలు. 1956లోనూ 1990లోనూ అలాగే చేశారు.