బొమ్మ ముందు మాట్లాడాల్సింది ఎవరు?

1784 డిసెంబరులో విలియం హటన్ అనే బర్మింగ్‌హామ్ పుస్తకాల వ్యాపారి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం చూడబోయాడు. ప్రవేశం ఉచితమే, కానీ టికెట్ కోసం ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. హటన్ మాత్రం ఎవరి దగ్గరో దాదాపు రెండు షిల్లింగులకు కొనుక్కున్నాడు. పదిమందిని గుంపుగా చేసి గదులన్నీ పరుగున తిప్పారు. ఇదేమిటని అడిగితే, అన్నీ నేనే చెప్పాలా, వాటి మీద పేర్లు లేవా అని గైడ్ కసిరాడు. అరగంటలో అంతా అయిపోయింది.

1857లో లండన్‌లోనే సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం నడిపిన హెన్రీ కోల్ ఆలోచన వేరు. పగలంతా పనిచేసేవాడు ఎప్పుడొస్తాడు? అందుకే గ్యాస్ దీపాలు పెట్టించి రాత్రిళ్లూ తెరిచాడు. తాగుడుకు పోయేవాడు పెళ్లాం పిల్లలతో ఇటొస్తాడని ఆశ. ఉద్దేశం మంచిదే, కాకపోతే ‘మిమ్మల్ని బాగుచేస్తాం’ అన్న పెద్దరికం దాగలేదు.

1907లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం, పక్కన నిలబడి వివరించే డోసెంట్లను పెట్టింది. ఆ ఏర్పాటు వెనకున్న బెంజమిన్ గిల్మన్ 1916లో, అద్దాల పెట్టెల్లో ఉన్నవి చూడ్డానికి మనిషి ఎన్ని రకాలుగా వంగాలో ఫొటోలతో సహా ప్రచురించాడు. అలసట చూసేవాడి బద్ధకం కాదు, అమర్చినవాడి తప్పు!

ఫిలడెల్ఫియాలో మందుల తయారీతో గడించిన ఆల్బర్ట్ బార్న్స్, తన ఫ్యాక్టరీలో పెయింటింగులు తగిలించి పనివేళల్లోనే కార్మికులతో చర్చలు పెట్టించాడు. 1922లో స్థాపించిన ఫౌండేషన్‌లో బొమ్మల పక్కన వివరణలు పెట్టలేదు. మీ కళ్లతో మీరే చూడండి అన్నాడు. ఇంత చేసిన మనిషే నచ్చని పండితులను గుమ్మంలోంచే పంపేసేవాడు, అదో కథ.

1980ల చివర్లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో, గైడ్లు చెప్పినదాంట్లో జనానికి గుర్తుండేది కొంచెమేనని తేలింది. అక్కడి విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త అబిగైల్ హౌసెన్ కలిసి పద్ధతినే తిరగేశారు. గైడ్ చెప్పడు, అడుగుతాడు. ఇందులో ఏం జరుగుతోంది? అలా అనడానికి మీకేం కనబడింది? ఇంకేముంది? మొదట ఎవరూ నోరు విప్పరు. తప్పు చెబితే పరువు పోతుందని పెద్దవాళ్లకు టెన్షన్. ఎవరో ‘ఆమె చేతిలో ఉత్తరం ఉంది’ అంటారు. ‘మడత విప్పే ఉందిగా, చదివేసినట్టుంది’ అని వెనకనుంచి ఇంకొకరు అందుకుంటారు. అక్కణ్నుంచి ఆపడమే కష్టం.

అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022లో ప్రాగ్‌లో ఆమోదించిన నిర్వచనంలోకీ ప్రజల భాగస్వామ్యం అన్న మాట వచ్చింది.

అయితే గీసిందెవరు, ఎప్పుడు అని సూటిగా అడిగేవాళ్లూ ఉంటారు. ‘మీకేమనిపిస్తోంది?’ అని ఎదురడిగితే వాళ్లకు ఒళ్లు మండుతుంది. నా మట్టుకు నేను వాళ్ల పక్షమే. హటన్ అడిగిందీ అంతే, ఇదేమిటో కాస్త చెప్పమని.