చీకటి కోసం మదనపల్లె దాకా

బెంగళూరు మారతహళ్ళిలో మా మేడ మీద చుక్కలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలు. బైనాక్యులర్స్ కొన్న కొత్తలో అందరిలాగే నాకూ ముందు ఊరి దగ్గరి నందికొండే (నంది హిల్స్) తోచింది. అక్కడ రాత్రికి గేటు మూసేస్తారు. చుట్టుపక్కల కొండలు చాలావరకు రిజర్వు ఫారెస్టు. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రిపూట అక్కడ ఉండకూడదు, గుడారం వేయకూడదు. చిరుతలూ ఎలుగుబంట్లూ తిరిగే వేళ అది. ఆ కట్టడి న్యాయమే.

అయినా దొంగతనంగా కొండెక్కితే మాత్రం ఏం దక్కుతుంది? ఊరి దీపాల వెలుగు పైకి పోయి గాలి అణువులకూ దుమ్ముకూ తగిలి చెదురుతుంది. తెల్ల ఎల్‌ఈడీల్లో ఉండే నీలి వెలుగైతే మరీ ఎక్కువ. ఆ మసక గొడుగు కింద నుంచి బయటపడాలంటే ఎత్తు చాలదు, దూరం కావాలి. 1970లలో మెర్ల్ వాకర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కాలిఫోర్నియా పట్టణాల చుట్టూ కొలతలు తీసి ఒక లెక్క తేల్చాడు: దూరం రెట్టింపైతే ఊరి వెలుగు ఐదో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. బెంగళూరు నడిబొడ్డు నుంచి తిన్నగా కొలిస్తే నందికొండ సుమారు 45 కిలోమీటర్లు, మదనపల్లె 115. ఆ లెక్కన మదనపల్లె వైపు మన నగరం వెలుగు పదో వంతే. ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు కూడా చీకటి వెతుక్కుంటూనే తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. 1986లో 2.34 మీటర్ల దూరదర్శిని అక్కడే కొలువుతీరింది.

గుడారం లేకపోతేనేం, మనవాళ్ళ పల్లెల్లో మిద్దెలున్నాయి. పుష్య అమావాస్యకు మదనపల్లె దాటి, స్నేహితుడి నాన్నగారి చేనుకు వెళ్ళాం. “చేన్లోకి దిగొద్దప్పా, మిద్దె మీదే పండుకోండి” అని నులక మంచాలు పైకెక్కించి, వాకిట్లో లైటు ఆపేశారాయన. టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు చుట్టాం. మసక వెలుగును పట్టే కంటి కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం మళ్ళీ పేరుకోవడానికి అరగంట పడుతుంది. ఒక్కసారి ఫోను తెరిస్తే ఆ అరగంటా వృథా. ఎర్ర వెలుగు దాని జోలికి పెద్దగా పోదు.

ఎనిమిదింటికి నడినెత్తిన పిల్లలకోడి, అంటే కృత్తికల గుంపు. బెంగళూరులో మా మేడ మీద అదొక మరక. ఇక్కడ ఆరు చుక్కలు విడివిడిగా లెక్కపెట్టాను. పదిన్నరకు దక్షిణాన అగస్త్య నక్షత్రం. నైరుతిలో మాత్రం నేలను ఆనుకుని పల్చటి పసుపు పొర, అది బెంగళూరు.

నాలుగున్నరకు చలికి మెలకువ వచ్చింది. మంచు పట్టిన బైనాక్యులర్స్ అద్దాలు పంచె కొంగుతో తుడిచి చూస్తే, దక్షిణాన తాటిచెట్ల పైన శిలువ ఆకారపు చుక్కల గుంపు త్రిశంకు నిటారుగా నిలబడి ఉంది. దానికి ఎడమగా, కాస్త పైన, పిండి రాలినట్టు గుండ్రటి మసక: ఒమేగా సెంటారి. దాదాపు కోటి నక్షత్రాల గుంపు, 17,000 కాంతి సంవత్సరాల దూరాన. పెద్దాయనకు బైనాక్యులర్స్ అందించాను. చాలాసేపు చూసి, “ఇది మా చేను మీద రోజూ వస్తాదా?” అన్నారు. ఎండాకాలం దాకా కనబడుతుందనీ, నెలనెలా రెండు గంటలు ముందే వస్తుందనీ చెప్పాను. ఏప్రిల్‌లో ఎన్నింటికో వేళ్ళ మీద లెక్కేసుకుంటూ ఆయన మోటారు వేయడానికి కిందికి దిగారు.