యంత్రం నేర్చుకున్నది ఎవరి జ్ఞాపకం?

ఒడిశాలోని బరంపురంలో పట్టు నేసే తెలుగు ఇళ్లలో మళ్లీ టెన్షన్ మొదలైంది. పాత చీరల ఫొటోలు నేర్పితే చాలు, కంప్యూటర్ కొత్త అంచులు గీసిచ్చేస్తోంది. వాటిలో నేతగాళ్లకు వాటా ఉందా? ఈ తగువు అర్థం కావాలంటే 1986లో జరిగిన ఒక ప్రయోగం దగ్గరికి వెళ్లాలి.

అప్పటిదాకా డిజైనర్ ఆలోచనను కంప్యూటర్ కోసం నియమాలుగా రాయాలని చాలామంది చూశారు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ రూమెల్‌హార్ట్, సహచరులు వేరే దారి పట్టారు. గదుల్లో కనిపించే 40 లక్షణాలు రాసుకుని, వంటగది, పడకగది, ఆఫీసు లాంటివి ఊహించుకుని ఏవి ఉంటాయో చెప్పమని మనుషులను అడిగారు. ఏది దేనితో కలిసి వస్తుందన్నదే న్యూరల్ నెట్‌వర్క్‌లో, అంటే మెదడు కణాల్లా ఒకదానికొకటి ముడిపడి పనిచేసే కంప్యూటర్ నమూనాలో, లంకెల బలమైంది. ఓవెన్ అని ఇస్తే వంటగది మొత్తం తేలింది. మంచం, సోఫా కలిపి ఇస్తే ఎవరూ విడిగా నేర్పని గది, విశాలమైన ఖరీదైన పడకగది వచ్చింది. 1990 ప్రాంతంలో రిచర్డ్ కోయిన్ లాంటి పరిశోధకులు దీన్నే డిజైనర్ ఆలోచనకు నమూనాగా తీసుకున్నారు. పాతవి గుర్తొచ్చి, ఒకదానిలో ఒకటి కలిసి, కొత్తది పుడుతుందన్నమాట.

యంత్రం లోపల ఏ చీరా దాచిలేదు, ఉన్నవి అంకెలే అంటున్నారు సాఫ్ట్‌వేర్ వాళ్లు. నిజమే.

కానీ ఆ అంకెలు ఎక్కడివి? రూమెల్‌హార్ట్ గదులు కూడా మనుషుల జవాబుల్లోంచే పుట్టాయి. నేతగాళ్లు అడిగేదీ ఇదే. బరంపురం చీరలకే పేరున్న ఫొడ కుంభం అంచుకు ఏ కొంగు పొసగుతుందో, పెళ్లిచీరకు ఏ రంగు నప్పుతుందో మగ్గం పక్కన కూర్చుని, పెద్దవాళ్ల చేతులు చూసి నేర్చుకున్నారు. కాగితం చూడకుండా నేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఎంపికలన్నీ చీరలో ఉన్నాయి కాబట్టే యంత్రానికి నేర్చుకోవడానికి ఏదైనా దొరికింది.

చట్టం వీళ్లను ఆదుకోదు. ఊరి పేరుతో వచ్చే సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) కాపాడేది బరంపురం పట్టు అన్న పేరును. 2000 నాటి డిజైన్ల చట్టం కొత్త డిజైన్‌కే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఇస్తుంది. తరాలుగా నేస్తున్న అంచు అందులోకి రాదు. దాన్నే నేర్చిన యంత్రం ఇచ్చిన అంచుకు మాత్రం, ఇది కొత్తదంటూ ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందుకే ఏ ఇళ్ల చీరలు చూపించి నేర్పారో ముందు రాతపూర్వకంగా చెప్పాలని నేతగాళ్లు పట్టుబట్టాలి.