పెరటి మట్టిలో రాతినార

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, కొండల మధ్య లిబ్బీ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి దగ్గరి గనిలో 1920ల నుంచి 1990 దాకా వర్మిక్యులైట్ అనే ఖనిజం తవ్వారు. మిద్దె తోటలు పెంచేవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. కుండీలో కలిపితే మట్టి గుల్లబారుతుంది, తడి ఎక్కువసేపు నిలుస్తుంది. లిబ్బీ జనం కూడా అందుకే దాన్ని తెచ్చి కూరగాయల మళ్లలో కలుపుకున్నారు. బడి పిల్లలు పరుగెత్తే ట్రాక్ మీదా పోశారు. కానీ ఆ గనిలో వర్మిక్యులైట్‌తో పాటు రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, కలిసి ఉంది. గనిలో ఒక్కరోజు కూడా పని చేయనివాళ్లకి సైతం ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయి. 1999లో పత్రికలు రాశాకే పర్యావరణ పరిరక్షణ సంస్థ అక్కడికి వచ్చింది. 2009 జూన్‌లో ఆ ఊళ్లో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. (ఇప్పుడు మనం కొనే వర్మిక్యులైట్ ఆ గనిది కాదు, అది ఎప్పుడో మూతపడింది. అయినా ఏ వర్మిక్యులైట్‌నైనా తడిపి కలపడమే మంచిది.)

లిబ్బీలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది, వాళ్లు మట్టిని పరీక్షించిన తీరు. శాంపిల్‌ని మైక్రోస్కోపు కింద పెట్టి ఆస్‌బెస్టాస్ ఎంత శాతం ఉందో చూడడం మామూలు పద్ధతి. ఒక శాతం కంటే తక్కువైతే పట్టించుకోనక్కర్లేదన్న ఆలోచన చాలాకాలం నడిచింది. నిజానికి ఆ హద్దు ఆరోగ్యాన్ని లెక్కగట్టి పెట్టింది కాదు. అందుకని లిబ్బీలో పరీక్షలు చేసేవాళ్లు రక్షణ సూట్లు వేసుకుని, ఊపిరి పీల్చే ఎత్తులో గాలి లాగే పంపులు తగిలించుకుని, ఇంటివాళ్లు పెరట్లో చేసే పనులే చేశారు. మట్టి తవ్వారు, చెత్త పోగుచేశారు, గడ్డి కోశారు. మైక్రోస్కోపు కింద ఏమీ కనిపించని మట్టి నుంచి కూడా కొన్నిచోట్ల గాలిలోకి ఆస్‌బెస్టాస్ పోగులు లేచాయి! మట్టిలో ఎంత ఉందన్నదే కాదు, ఆ మట్టిని పొడిగా ఉన్నప్పుడు కదుపుతున్నామా లేదా అన్నదీ అంతే ముఖ్యమని తేలింది.

ఈ పోగులు చీలేకొద్దీ సన్నబడతాయి. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నగా ఉండి ఊపిరితిత్తుల లోతుకి పోతాయి. అక్కడ చెత్తను మింగేసే కణాలు పొడవాటి పోగును పూర్తిగా మింగలేవు. మింగబోయి దెబ్బతిని, చుట్టూ వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

లిబ్బీలో 2,600కి పైగా ఇళ్లు, స్థలాలు శుభ్రం చేశారు. మట్టిని తడుపుతూ తవ్వి తీసి, మంచి మట్టి పోసి, మళ్లీ మొక్కలు నాటారు. లోతున ఉన్నదాన్ని కొన్నిచోట్ల అలాగే వదిలి, ఎక్కడుందో రికార్డు రాసి పెట్టారు.

మన దగ్గర ఈ సమస్య ఎక్కువగా గనుల నుంచి కాదు, ఇంటి కప్పు నుంచి వస్తుంది. సిమెంట్ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉంటే పోగుల్ని సిమెంటు పట్టి ఉంచుతుంది. కప్పు మార్చినప్పుడు పగిలిన ముక్కల్ని పెరట్లో మెరక కోసం పోస్తే, కొన్నేళ్లకి కొబ్బరి మొక్కకో జామ మొక్కకో గొయ్యి తీసేటప్పుడు అవి గునపం కింద నలుగుతాయి. ఆస్‌బెస్టాస్ మట్టిలో కుళ్లేది కాదు.

మీ పెరట్లో అలాంటి ముక్కలు కనిపిస్తే టెన్షన్ పడి తవ్వకండి. ఆ చోటంతా నీళ్లతో తడపండి. పైకి కనిపించేవాటిని గ్లౌజులు వేసుకుని, విరగ్గొట్టకుండా ఏరి, మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో రెండు పొరలుగా కట్టేయండి. చీపురుతో ఊడ్చొద్దు. ముక్కుకి కండువా కట్టుకున్నా, మామూలు సర్జికల్ మాస్కు పెట్టుకున్నా ఈ పోగులు ఆగవు. ముక్కలు ఎక్కువగా ఉంటే, ఆ నేల మీద మందపాటి గుడ్డ పరిచి, పైన అడుగు మందాన మంచి మట్టి పోసి గడ్డి పెంచడం తవ్వడం కంటే మేలు. కూరగాయలు ఎత్తుగా కట్టిన మడుల్లోనో కుండీల్లోనో వేసుకోవచ్చు. వేళ్లకి, దుంపలకి అంటుకున్న మట్టి ఆరకముందే బయటి కుళాయి దగ్గర కడిగేయాలి.

కట్టిన సంచులు ఎక్కడికి పంపాలన్నదే పెద్ద చిక్కు. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌లో, విశాఖపట్నం దగ్గరి పరవాడలో ఉన్నాయి గానీ అవి ప్రధానంగా ఫ్యాక్టరీల కోసం పెట్టినవి. ఇళ్ల నుంచి రేకులు తీసుకెళ్లి అక్కడికి చేర్చే ఏర్పాటు మునిసిపాలిటీలే చేయాలి, దాన్ని మనం గట్టిగా అడగాలి. ఈలోగా కప్పు మార్చే పని ఉంటే మేస్త్రీకి ముందే చెప్పండి: రేకులు తడిపి, బోల్టులు విప్పి, సుత్తి వాడకుండా నిండు రేకుగానే కిందికి దించమని.