వెండి కోసం కాల్చిన చీరలకు ఇప్పుడు గిరాకీ

పెళ్లిళ్ల సీజన్‌లో గద్వాల, నారాయణపేట దుకాణాలకు వచ్చేవాళ్లలో కొందరు ఈ మధ్య పాతదానిలా కనిపించే కొత్త చీర అడుగుతున్నారు. ఫోన్‌లో నాయనమ్మ పెళ్లి ఫొటో తీసి "ఈ అంచు, ఈ రంగు కావాలి" అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 'వింటేజ్ గద్వాల' అని రాస్తే ధర దానంతట అదే పైకి పోతుంది. అదే నిజంగా అరవై, డెబ్బై ఏళ్ల కింద నేసిన చీర కావాలంటే మాత్రం, ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఊరంతా అడిగినా ఒకటి దొరికితే గొప్ప. తరాల తరబడి నేసిన సరుకు అంతా ఏమైనట్టు?

జరీ ఉన్న చీరలు చాలామటుకు మంటల్లోకి పోయాయి.

అప్పటి జరీ అంటే వెండి. సన్నగా లాగిన వెండి తీగను చదును చేసి పట్టుదారానికి చుట్టి, దాని మీద బంగారు పూత వేసేవాళ్లు. ఈ పనికి సూరత్ పెట్టింది పేరు. బట్ట చిరిగినా వెండికి ఏమీ కాదు కదా. అందుకే పాత జరీ చీరలు కొంటామని వీధుల్లో కేకేస్తూ వ్యాపారులు వచ్చేవాళ్లు, ఇప్పటికీ వస్తున్నారు. వాళ్ల చేతికి పోయిన చీర అంచు, కొంగు వేరు చేసి కాల్చి, బూడిద కరిగించి వెండి తీస్తారు. కొంగు మీద హంసలు ఎంత ముద్దుగా ఉన్నాయి, కోటకొమ్మ నమూనా ఎంత తీరుగా వచ్చింది అన్నది వాళ్లకు అక్కర్లేదు. తూకం ఒక్కటే లెక్క. అమ్ముకున్నవాళ్లను తప్పు పట్టడానికీ లేదు. వానలు మొహం చాటేసిన ఏడాది ఇంట్లో నగదుగా మారేవి రెండే: మెడలోది, పెట్టెలోది. 'పాలమూరు లేబర్' అన్న పేరుతో దేశమంతా డ్యాములు, కాలువలు తవ్వడానికి జనం వలస పోయిన జిల్లా ఇది. అలాంటిచోట బట్టను అందం కోసం దాచుకోవడం కడుపు నిండిన ఇళ్లకే చెల్లింది.

ఆ కడుపు నిండిన ఇళ్లే ఈ నేతను నిలబెట్టాయన్నదీ నిజమే. నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, అమరచింత, జటప్రోలు, గోపాల్‌పేట సంస్థానాలు ఎవరి దర్బారు వాళ్లు నడుపుకునేవి. కవులకూ పండితులకూ ఆదరణ ఉండబట్టి గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న పేరొచ్చింది. పట్టు, జరీ కొనగలిగినవాళ్లు కోట చుట్టే ఉండేవాళ్లు. సంస్థానం వాళ్లే మనుషులను బనారస్ పంపి పని నేర్పించారని గద్వాలలో చెప్పుకుంటారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ మరుసటేడు జాగీర్ల రద్దు వచ్చింది, కోటల కొనుగోళ్లు ఆగిపోయాయి. ఒక్క ఆనవాయితీ మాత్రం తెగలేదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు శ్రీవారికి గద్వాల నుంచి ఏటా ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. 11 గజాల పొడవుండే ఆ పంచెలను నేతగాళ్లు 41 రోజులు దీక్షలో ఉండి నేస్తారు.

గద్వాల చీరను చేతిలోకి తీసుకుని ఒళ్లూ అంచూ కలిసే గీత దగ్గర చూస్తే అసలు పనితనం అర్థమవుతుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేక (అడ్డుపోగు) అంచు దాకా వచ్చి, అంచు పేకతో మెలిపడి, అక్కడినుంచే వెనక్కి తిరుగుతుంది. తెల్లని ఒంటికి ఎర్రటి అంచు వేసినా రంగు ఒకదాంట్లో ఒకటి కలవకపోవడానికి కారణం ఇదే. ఒంటికి ఒక నాడె (పేకను అటూ ఇటూ నడిపేది), రెండు అంచులకు చెరొకటి, మొత్తం మూడు నాడెలు ఆడాలి. మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. కొంగు దగ్గరికి వచ్చేసరికి నూలు పడుగు (నిలువుపోగు) ఆపి, పట్టు పడుగును ఒక్కో పోగూ కలుపుకుంటూ అతకాలి. ఈ నేతనే కుట్టు అంటారు. మిల్లు నకలులో ఒంటి రంగు అంచులోకి పాకుతుంది, లేకపోతే మొత్తం అచ్చు గుద్దేసి ఉంటుంది. తిరగేసి చూస్తే దొరికిపోతుంది.

నూలు, పట్టు ఒకే చీరలో ఉండటం వల్ల ఇంకో సంగతి జరిగేది. ఒళ్లు ముందు చీకిపోయేది, అంచు మాత్రం గట్టిగా ఉండేది. అప్పుడు అంచు విప్పి ఆడపిల్ల లంగాకు వేసేవాళ్లు. మెత్తబడ్డ నూలు పుట్టిన బిడ్డకు తొలి గుడ్డ అయ్యేది, తొట్లె అయ్యేది, ఇంకా మిగిలితే నాలుగు చీరలు పరిచి బొంత కుట్టేవాళ్లు. పసిబిడ్డకు కొత్త బట్ట గుచ్చుకుంటుందని ఒక లెక్క, నిండుగా బతికిన పెద్దమనిషి కట్టిన బట్టయితే ఆయుష్షు పోస్తుందని ఇంకో లెక్క. పాత చీరకు ఊళ్లో గౌరవం ఉండేది, కాకపోతే అది అరిగేదాకా వాడటంలో ఉండేది. బీరువాలో హ్యాంగర్‌కు వేలాడదీసి చూసుకునే అలవాటు మనకు నిన్నమొన్నటిది.

1970లు, 80ల్లో నైలాన్, పాలిస్టర్ ఊళ్లలోకి దిగాయి. ఉతికితే గంటలో ఆరుతుంది, గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు. ఆ చీరలను చూసి ఇప్పుడు మూతి విరిచేవాళ్లు గంజి పెట్టిన పొడవాటి నూలు చీరను ఒకసారి బండ మీద ఉతికి చూడాలి. నాట్లకు, కూలికి పోయే ఆడవాళ్లకు అది నిజంగానే సుఖం. గోచి పెట్టి కట్టే పెద్ద చీర ముసలమ్మల దగ్గర ఆగిపోయింది, వయసువాళ్లు ఆరు గజాలకు వచ్చేశారు. పాత బట్టలకు గిన్నెలిచ్చే స్టీలు సామాన్లవాళ్లు మిగిలినవాటిని మూట కట్టుకుపోయారు.

నల్లగొండ వైపు సరుకు దారి వేరు. పుట్టపాక ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది, మొన్నటిదాకా ఉమ్మడి నల్లగొండే. అక్కడి తేలియా రుమాలు పెట్టెల్లోకి పోకుండా ఓడలెక్కింది. చీరాల వైపు పుట్టిన ఈ నేత ఇటు పాకింది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగుండని ఈ చదరపు గుడ్డ బొంబాయి మీదుగా అరబ్బు దేశాలకు వెళ్లేది. కొన్నవాళ్ల సరదాను బట్టి దాని మీద గడియారాలు, విమానాలు కూడా నేశారు. తీరంలో చేపలు పట్టేవాళ్లకు లుంగీ, తలపాగా అదే. హైదరాబాద్ నవాబుల ఇళ్లలో దుపట్టా కూడా అదే.

దాని గుట్టంతా నూనెలో ఉంది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి తేర్చి, ఆ క్షారపు నీళ్లలో నూనె కలిపి, నూలును అందులో నానబెట్టి పిసుకుతారు, ఎండబెడతారు, మళ్లీ నానబెడతారు. రెండు మూడు వారాలు ఇదే పని. అప్పుడు గానీ నూలు ఎరుపును గట్టిగా పట్టుకోదు. నల్లగొండ, పాలమూరు చెలకల్లో ఆముదానికి కొదవ లేదు కాబట్టి బూడిద ఊళ్లోనే దొరికేది. కొత్త రుమాలు నూనె వాసన వేస్తుంది, ఎండలో తలకు చుడితే చల్లగా ఉంటుంది. ఇప్పుడు అమ్మేవాళ్లు దీనికి 'వందేళ్ల నాటి సహజ రంగులు' అని బోర్డు తగిలిస్తున్నారు. అక్కడ కొంచెం ఆగాలి. ఎరుపునిచ్చే అలిజరిన్‌ను 1868లోనే జర్మనీలో ప్రయోగశాలలో తయారుచేశారు. ఎగుమతులు జోరుగా సాగిన కాలంలో మన నేతగాళ్లు వాడింది ఎక్కువగా ఆ డబ్బా రంగే. వందేళ్ల నాటిది అన్నంత మాత్రాన చెట్టు నుంచి తీసినదని కాదు.

విదేశీ గిరాకీ పడిపోయాక పోచంపల్లి చుట్టుపక్కల మగ్గాలు రుమాళ్లు వదిలి చీరలకు, ఆ తర్వాత పట్టుకు మళ్లాయి. ఆ పాత రుమాలు పని చేతిలో నిలిచినందుకే పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చాయి. నేయకముందే దారానికి ముడులు కట్టి రంగద్దే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

పాత పద్ధతి అంటే మనకు ఎంత మురిపెమో గానీ, అది ఎవరి ఒంటి మీద నడిచిందో కూడా చూడాలి. ఇక్కత్ చీరకు పేక దారాన్ని ముందు ఆసు మీద పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉండే మేకుల చుట్టూ చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. అంతా చేత్తో చేసిందే కావాలి, యంత్రం ముట్టకూడదు అని పట్టుబట్టే కొనుగోలుదారులు అప్పుడప్పుడు తగులుతుంటారు. ఆ తొమ్మిది వేల తిప్పుళ్లు వాళ్లు తిప్పరు.

అన్నిటికన్నా చేదు కథ తండాలది. దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట వైపు లంబాడీ ఆడవాళ్లు ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రీ (ఓణీ) వేసుకునేవాళ్లు. అద్దాలు, గవ్వలు, పాత వెండి నాణేలు, రంగుదారాల కుట్టు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశం తిరిగిన జాతికి ఆస్తి అంతా ఒంటి మీదే ఉండేది. రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని తన్నుకుపోయాయి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్నిచోట్ల వాళ్ల మీద దొంగల ముద్ర వేసింది. తర్వాత బస్సుల్లో, బళ్లలో ఆ బట్టలను చూసి నవ్వినవాళ్లకు లెక్కలేదు. దానికి తోడు ఎండాకాలంలో ఆ బరువు. పిల్లలు చదువుకున్నకొద్దీ ఫేటియా మూలకు పోయింది, అరిగిన బట్టలను చిల్లర డబ్బులకు కొనేవాళ్లు వచ్చారు. ఆ ముక్కలే సంచులుగా, దిండు గలీబులుగా మారి 'వింటేజ్ బంజారా' పేరుతో గోవా సంతల్లో, ఆన్‌లైన్‌లో విదేశీయులకు అమ్ముడవుతున్నాయి. కుట్టిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఇటు తండాల్లో తీజ్‌కు, సేవాలాల్ జయంతికి ఆడపిల్లలు మళ్లీ ఆ వేషం వేస్తున్నారు. అవి ఎక్కువగా మెషిన్ కుట్టు, ప్లాస్టిక్ అద్దాలతో వచ్చే రెడీమేడ్‌లు. తేలికగా ఉంటాయి, ఉతుక్కోవచ్చు, గర్వంగా వేసుకుంటున్నారు. అమ్మమ్మది ఏది అంటే ఎప్పుడో అమ్మేశాం అంటారు.

గొంగడిదీ ఇంచుమించు ఇదే దారి. నల్లగొర్రె ఉన్నితో కురుమలు నేసిన గొంగడి గొర్లకాపరికి దుప్పటి, గొడుగు, పరుపు. సాయుధ పోరాటం తర్వాత అది పేదవాడి గుర్తుగా మారింది, గద్దర్ భుజం మీద పాటతో పాటు ఊరూరా తిరిగింది. ఇప్పుడు తెలంగాణ సభల్లో నాయకులకు సన్మానం చేసి కప్పుతున్నారు. కానీ గొంగడి రోజూ ఒంటి మీద ఉన్నది, దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకున్న కాలంలో. ఆ రోజుల బట్టలు అందరికీ తీపి గుర్తులు కావాలంటే కుదరదు.

మళ్లీ జరీ దగ్గరికి వస్తే, 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి పరుగెత్తింది. దాంతో ఇప్పుడు ఒకే పెట్టె కోసం ఇద్దరు పోటీ. ఒకడు త్రాసుతో గుమ్మం ముందుకు వచ్చి, అంచు గీకి చూసి, అసలు వెండయితే అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి పోతాడు. రెండోవాడు ఆన్‌లైన్‌లో పాత చీరలు అమ్మేవాడు. ఫొటోలు పంపమంటాడు, ఎవరు కట్టారు, ఏ పెళ్లిలో కట్టారు అని అడుగుతాడు, చిరుగులున్నాయా చూడమంటాడు, అమ్ముడయ్యాక డబ్బులిస్తానంటాడు. ఇంట్లో ఆసుపత్రి ఖర్చో, కాలేజీ ఫీజో నెత్తిన ఉన్నప్పుడు ఎవరికి అమ్ముతారో వేరే చెప్పక్కర్లేదు. 1980ల తర్వాత నేసిన చాలా చీరల్లో జరీకి వెండి బదులు రాగి, ఆ తర్వాత ప్లాస్టిక్ రేకు వచ్చాయి కాబట్టి త్రాసువాడు వాటిని ముట్టడు. ఇంకో ముప్ఫై ఏళ్లకు పెట్టెల్లో మిగిలి ఉండే గద్వాల చీరలు బహుశా అవే.