కూరగాయల మడిలో పుట్టగొడుగులు: అపోహలు - వాస్తవాలు

జులైలో రెండు రోజులు ముసురు పట్టిందంటే చాలు, మూడో రోజు పొద్దున్నే నా ఫోన్ నిండా ఫొటోలే. వంగ మొక్క మొదట్లో నాలుగు తెల్ల గొడుగులు, కరివేపాకు కుండీలో పసుప్పచ్చ గుత్తి, పుదీనా మడిలో బూడిద రంగు టోపీలు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మొక్కలు చచ్చిపోతాయా? ఏం మందు కొట్టాలి?"

మొక్కల తెగుళ్ల శాస్త్రం చదువుకుని, ఇరవై ఏళ్లుగా పెరటి తోటలు, మిద్దెతోటలు పెంచేవాళ్లతో కలిసి పనిచేస్తున్నాను. ఆ ప్రశ్నకు నేను కంగారు పడను. అరగంట ఆగి "పోనీ, వండుకోవచ్చా సార్?" అని అడుగుతారే, అప్పుడు గుండె గుభేలుమంటుంది. మొక్కకు ఏ హానీ చేయని దాన్ని చూసి హడలిపోతున్నాం. మన ప్రాణానికే ముప్పున్న చోట వెండి చెంచాతోనో వెల్లుల్లితోనో విషం తెలిసిపోతుందని నమ్ముకుని ధైర్యం చేస్తున్నాం.

అపోహ: మట్టి పాడైపోయింది, అందుకే కుక్కగొడుగులు లేచాయి.

మట్టి బతికుంది కాబట్టే లేచాయి. ఒకసారి ఉప్పల్‌లో ఒక మిద్దెతోటకు వెళ్లాను. టమాటా మడిలో గొడుగులు కనిపించేసరికి ఆ ఇంటావిడ మడంతా తవ్వి పారబోసే ఆలోచనలో ఉన్నారు. "ఒక్క నిమిషం ఆగండమ్మా" అని ఎండుటాకుల పొర చేత్తో పక్కకు జరిపాను. కింద సగం మగ్గిన కొబ్బరి పీచు ముక్క ఒకటి ఉంది. దాని చుట్టూ తెల్లటి దారాలు, నూలుపోగుల కన్నా సన్నంగా, పీచులోకి అల్లుకుపోయి ఉన్నాయి. వేళ్లతో నొక్కితే ఆ పీచు తడిసిన బిస్కట్‌లా పొడిపొడి అయింది. వాసన చూడమన్నాను. "తొలకరి వాన వాసనండీ" అన్నారావిడ.

శిలీంద్రం (ఫంగస్) అసలు ఒళ్లు ఆ తెల్ల పోగులే. మనకు పైన కనిపించే గొడుగు దానికి కాయ లాంటిది, మామిడిచెట్టుకు మామిడికాయ ఎలాగో అలాగ. మనం మడిలో వేసే కొబ్బరి పీచు, రంపపు పొట్టు, ఎండు కొమ్మలు, సగం మాగిన పశువుల ఎరువు, వీటన్నిటిలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. చెక్కకు ఆ గట్టిదనం దానివల్లే వస్తుంది. దాన్ని పూర్తిగా విడగొట్టే పని ప్రధానంగా ఈ శిలీంద్రాలదే. అవి విడగొడితేనే అందులోని పోషకాలు మొక్కల వేళ్లకు అందుతాయి. అంటే అవి మీ మొక్కల తిండిని లాక్కోవడం లేదు, వండి పెడుతున్నాయి.

అపోహ: ఉరుములకు పుడతాయి, రాత్రికి రాత్రే మొలుస్తాయి.

ఉరుముతో పాటు వచ్చే వానా, ఆ తేమా అసలు కారణం. గొడుగు బుడిపె రూపంలో మట్టిలో ముందే తయారై ఉంటుంది. నీళ్లు పీల్చుకుని దాని కణాలు సాగుతాయి, అంతే. పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారని మనం ఊరికే అనలేదు.

అపోహ: శిలీంద్రనాశిని కొడితే పీడ వదులుతుంది.

దయచేసి ఆ పని చేయకండి. కార్బెండాజిమ్ పోసినా, కాపర్ ఆక్సీక్లోరైడ్ పోసినా పీచు లోపలికి పాకిన పోగులన్నీ చావవు, మళ్లీ వానకు మళ్లీ లేస్తాయి. ఈలోపు మీరు డబ్బు పెట్టి కొని మట్టిలో కలిపిన ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు శిలీంద్రం) మాత్రం కార్బెండాజిమ్ దెబ్బకు పోతుంది. పైగా అది మీరు రేపు కోసుకుని తినే పాలకూర మడి.

ఇంట్లో పాకే పిల్లలో కుక్కపిల్లో ఉంటే గొడుగులను మొదలంటా లాగి, కవర్లో కట్టి చెత్తలో వేసి, చేతులు కడుక్కోండి. ముట్టుకుంటే విషం ఎక్కదు, నోట్లోకి వెళ్లకపోతే చాలు. తడి తగ్గించండి. పై మట్టి ఆరాకే నీళ్లు పోయండి. ఆ పీచు పూర్తిగా మగ్గిపోయాక అవే ఆగిపోతాయి.

కుండీల్లో వచ్చే నిమ్మపండు రంగు గొడుగుల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నా. వాటి పేరు ల్యూకోకోప్రినస్ బిర్న్‌బౌమీ. టోపీ మీద పసుపు చల్లినట్టు పొడి ఉంటుంది, పొద్దున విచ్చుకుని సాయంత్రానికి వాడిపోతుంది. మొక్కకు ఏమీ కాదు. తింటే మాత్రం కడుపు పాడవుతుంది.

అన్నీ మంచివే అనుకోవద్దు. బతికున్న చెట్టు మొదలుకు అంటుకుని, గట్టిగా, చెక్కలా, గోధుమ రంగులో మెరిసే గొడుగు వస్తే అది చెట్టు వేళ్లను కుళ్లబెట్టే గానోడెర్మా అనే శిలీంద్రం కావచ్చు. కోనసీమ కొబ్బరి రైతులకు ఇది బాగా తెలుసు. కాండం అడుగున గోధుమ రంగు బంక కారుతుంది, ఆకులు వడలి వేలాడతాయి. గొడుగు బయటపడేసరికి లోపల వేళ్లు చాలావరకు కుళ్లిపోయి ఉంటాయి. పెరట్లో కొబ్బరిచెట్టుకు ఈ లక్షణాలుంటే చెట్టుకు 5 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా కలిపి పాదులో వేయించండి, ఉద్యాన అధికారికి చూపించండి. ఆ చెట్టు పాదులోని నీళ్లు పక్క చెట్టు పాదులోకి పారనివ్వకండి.

అపోహ: వెండి చెంచా నల్లబడకపోతే, చీమలూ నత్తలూ తింటుంటే, తెల్లగా ఉంటే తినొచ్చు.

ఈ మూడూ మనుషుల్ని చంపిన నమ్మకాలే. వెండి నల్లబడేది గంధకం వల్ల. ఉడికిన కోడిగుడ్డు తగిలినా నల్లబడుతుంది. గొడుగులోని విషానికీ దానికీ సంబంధం లేదు. విషముంటే వెల్లుల్లి రంగు మారుతుందన్నదీ ఇలాంటిదే. నత్త తిని హాయిగా తిరిగే గొడుగు మన కాలేయాన్ని నాశనం చేయగలదు. ఇక తెలుపంటారా, అమనైటా అనే గొడుగుల జాతిలో అతి ప్రమాదకరమైన వాటిలో కొన్ని పాలంత తెల్లగా ఉంటాయి. వాటిలోని అమాటాక్సిన్ అనే విషం ఉడికించినా, ఎండబెట్టినా, పసుపూ చింతపండూ వేసి వండినా పోదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగుల కూర తిని 13 మంది చనిపోయారు.

మన పచ్చిక బయళ్లలోనూ, మడుల్లోనూ తరచూ మోసం చేసేది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు గొడుగు. పెద్ద తెల్ల టోపీ, మీద గోధుమ రంగు పొలుసులు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు అడుగు రేకులు కూడా తెల్లగానే ఉంటాయి. విచ్చుకున్న టోపీని తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి, రాత్రంతా ఉంచితే పొద్దున్నకు కాగితం మీద ఆకుపచ్చటి పొడి రాలి ఉంటుంది. అవి దాని సిద్ధబీజాలు, అంటే గొడుగుకు విత్తనాల్లాంటివి. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలై మనిషిని పడేస్తాయి. ఆకుపచ్చ రాలితే విషమని తెలుస్తుంది. ఆకుపచ్చ రాలలేదు కాబట్టి తినొచ్చు అని మాత్రం ఎప్పుడూ అనుకోకండి.

"మా నాయనమ్మ తెచ్చి వండేది కదా సార్" అంటారు. నిజమే. ఆవిడ తెచ్చినవి చెదల పుట్ట మీద మొలిచే అసలైన పుట్టగొడుగులు. చెదపురుగులు పుట్ట లోపల ఆ శిలీంద్రాన్ని సాగు చేసుకుంటాయి. గొడుగు కాడ వేరులా సాగి లోపలి ఆ తోట దాకా దిగి ఉంటుంది. ఆవిడకు ఆ పుట్ట తెలుసు, ఆ కార్తె తెలుసు, ఏటా అక్కడికే వెళ్లేది. మీ మడిలో పుట్ట లేదు, దుకాణంలో కొన్న కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఉంది. పుట్టగొడుగుల కూర తినాలనిపిస్తే సాగు చేసినవి కొనుక్కోండి.

ఎవరైనా తినేసి ఉంటే వాంతుల కోసం ఎదురుచూడకండి. ఆరు గంటలు దాటాక మొదలయ్యే వాంతులే ఎక్కువ ప్రమాదం, అమాటాక్సిన్ అంత ఆలస్యంగా బయటపడుతుంది. మధ్యలో ఒక రోజు తేరుకున్నట్టు కనిపిస్తారు, ఆ సమయంలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన గొడుగులు, తరిగి పారేసిన కాడలైనా సరే, కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే ఆసుపత్రి చేరేలోపే కుళ్లి గుర్తుపట్టరాకుండా పోతాయి.