డేటా మ్యాపింగ్ అంటే బడిలో ‘జతపరచుము’ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగుళూరు మారతహళ్ళిలో ఆదివారం టిఫిన్ దగ్గర కలిసే తెలుగు పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఈమధ్యే బిజినెస్ అనలిస్టులయ్యారు, అంటే కంపెనీకి ఏం కావాలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రాసిచ్చేవాళ్ళు. మొన్న ఒకడు అడిగాడు: “అక్కా, మొత్తం 180 కాలమ్స్. ఎడమవైపు పాతవి, కుడివైపు కొత్తవి. రెండు రోజుల్లో మ్యాపింగ్ అయిపోతుంది కదా?” పాత సిస్టమ్‌లోని ఏ కాలమ్ సమాచారం కొత్తదాంట్లో ఏ కాలమ్‌లోకి, ఏ రూల్‌తో వెళ్ళాలో ఒక షీటులో వరుసగా రాయడమే డేటా మ్యాపింగ్. నాకు మూడో క్లాసు ప్రశ్నపత్రం గుర్తొచ్చింది. జతపరచుములో ప్రతి దానికీ ఒక జోడీ ఉంటుంది, ఒక్కటే ఉంటుంది. ఈ పనిలో ఆ హామీ ఎవరూ ఇవ్వరు. వాడికి ఇడ్లీ చల్లారేదాకా చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రెండువైపులా కాలమ్ పేరు ఒకటే ఉంటే ఆ వరుస అయిపోయినట్టే.

నాకు భయం వేసేది ఆ వరుసలతోనే. పేర్లు వేరుగా ఉంటే మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు. ఒకేలా ఉంటే ఎవరూ అడగరు.

మన పేర్లే తీసుకోండి. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. తమిళుల్లో చాలామందికి ఇంటిపేరే ఉండదు, ముందున్న ఇనీషియల్ నాన్నగారి పేరుది. పాత సిస్టమ్‌లో ‘నేమ్’ అని ఒకే గడి ఉంటుంది. కొత్తదాంట్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్, రెండూ తప్పనిసరి. ‘మొదటి స్పేస్ దగ్గర విడగొట్టాలి’ అని రూల్ రాస్తే ఒక్క ఎర్రర్ రాదు, టెస్టింగ్ హాయిగా పాసవుతుంది. ఆ రూల్ ఫలితం రోజూ నా మెడలో వేలాడుతూనే ఉంటుంది. ఐడీ కార్డు మీద నా ఫస్ట్ నేమ్ మా ఇంటిపేరు. అమెరికా క్లయింటు నాలుగేళ్ళుగా నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తున్నాడు. ఆ పేరుతో మా ఇంటికి ఫోన్ చేస్తే నలుగురం పలుకుతాం.

‘కస్టమర్ ఐడీ’ కూడా ఇలాంటిదే. ఒక సిస్టమ్‌లో అది మనిషికి ఇచ్చిన నంబరు, ఇంకోదాంట్లో పాలసీకి. అలాగే కలిపేస్తే మూడు పాలసీలున్న ఒక్క మనిషి ముగ్గురవుతాడు. ‘యాక్టివ్’ అంటే బిల్లింగ్ వాళ్ళకి బాకీ లేనివాడు, సపోర్ట్ వాళ్ళకి ఈ నెలలో లాగిన్ అయినవాడు. అందుకే నా మ్యాపింగ్ షీటులో ప్రతి కాలమ్‌కీ ఒక వాక్యంలో అర్థం రాస్తాను. పాత సిస్టమ్ వాడేవాళ్ళని వేరుగా, కొత్తది వాడబోయేవాళ్ళని వేరుగా అడుగుతాను. ఇద్దరినీ ఒకే మీటింగులో అడిగితే గొంతు పెద్దదైనవాళ్ళ అర్థమే మిగులుతుంది.

అపోహ: ఇది డెవలపర్ పని, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) బాగా వస్తే తప్ప కుదరదు.

సెలెక్ట్ (చూపించు), కౌంట్ (లెక్కపెట్టు), గ్రూప్ బై (ఒకేలాంటివి గుంపు చెయ్యి) వస్తే చాలావరకు గడిచిపోతుంది. వారం కూర్చుంటే వస్తాయి.

అపోహ: రికార్డుల కౌంటు కలిసింది, మొత్తాలు కలిశాయి. ఇక గో లైవ్, అంటే కొత్త సిస్టమ్ నడపడం మొదలు.

ఇది నాకు తగిలిన దెబ్బ. ఒక క్లయింటు దగ్గర పుట్టినతేదీలు టెక్స్ట్‌గా వచ్చేవి, మన పద్ధతిలో రోజు ముందు, నెల తర్వాత. లోడ్ చేసే ప్రోగ్రామ్ నెల ముందుందనుకుంది. 25-08 లాంటివి తిరగ్గొట్టింది, ఎందుకంటే 25వ నెల లేదు కదా. అప్పుడు ఎవరో ‘కుదరకపోతే తిప్పి చదువు’ అని ఇంకో రూల్ చేర్చారు. అంతే, అన్నీ లోడయ్యాయి, కౌంటు అణా పైసలతో సహా కలిసింది. కానీ 05-06, అంటే జూన్ 5, మే 6 అయి కూర్చుంది. రోజు 12 లోపు ఉండి, రోజూ నెలా ఒకే అంకె కాని తేదీలు ఏడాదికి 132. అవన్నీ చడీచప్పుడు లేకుండా తారుమారు. పుట్టినరోజు శుభాకాంక్షల ఎస్ఎంఎస్ నెల ముందే వచ్చిందని ఒక పెద్దాయన ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ షీటు మీద సైన్ ఆఫ్, అంటే ‘అంతా సరే’ అన్న సంతకం, నాదే.

అప్పట్నుంచి ప్రతి తేదీ కాలమ్‌నీ గ్రూప్ బై చేసి, ఏ తేదీ ఎన్నిసార్లు వచ్చిందో చూడందే రూల్ రాయను. 1900 జనవరి 1 వందల్లో కనబడితే అది ఖాళీ గడికి సిస్టమ్ వేసిన తేదీ అని ఇట్టే తెలుస్తుంది. జూలై 1 గుంపుగా కనబడితే మాత్రం తొందరపడకండి. మా నాన్న పుట్టినరోజు జూలై 1. బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ అది. ఆ తరంలో అలాంటివాళ్ళు చాలామంది. అది సిస్టమ్ వేసిందా, మాస్టారు వేశారా అన్నది డేటా చెప్పదు, బ్రాంచిలో ఫారాలు నింపినవాళ్ళు చెప్పాలి.

అపోహ: కాలమ్ టైపు (అంకెలా, అక్షరాలా, తేదీనా), పొడవు టెక్నికల్ టీమ్ చూసుకుంటుంది.

‘శ్రీనివాస్’ అని రాసి చూడండి. మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఇచ్చిన నంబర్లు) లెక్కలో ఒత్తులు, గుణింతాలతో కలిపి పది. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 30. కొత్త డేటాబేస్‌లో ఆ గడి 20 బైట్లయితే ఆ రికార్డు ఎక్కదు, లేదా తోక తెగి ‘శ్రీని’ మిగులుతుంది. ఇంగ్లీషు పేర్లతోనే టెస్ట్ చేసేవాళ్ళకి ఇది ఎలా తడుతుంది? తెలుగు, తమిళం, కన్నడం పేర్లు శాంపిల్‌లో పెట్టాల్సింది మనమే.

ఎక్సెల్ గురించి ఒక్కమాట. అది 15 అంకెల దాకానే నమ్మకంగా దాస్తుంది. 16 అంకెల కార్డు నంబరు నేరుగా పేస్ట్ చేస్తే చివరి అంకె సున్నా అవుతుంది. అకౌంటు నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకోండి.

అపోహ: సైన్ ఆఫ్ అయ్యాక షీటు మూసేయొచ్చు.

బండి నంబరు మొదటి రెండక్షరాల్నిబట్టి రాష్ట్రం తేల్చే రూల్ ఒకటి చాలా చోట్ల చూస్తాను. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చింది, కొత్త బళ్ళకి టీఎస్ పెట్టారు. 2024 మార్చి నుంచి అది టీజీ. పాత బళ్ళు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి, కాబట్టి హైదరాబాద్‌లో ఏపీ, టీఎస్, టీజీ మూడూ కనిపిస్తాయి. టీఎస్‌ని టీజీగా మార్చేస్తే నంబరే తప్పవుతుంది. అసలు ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ అనే రూల్ 2014కి ముందు బండికి చెల్లదు, అది ఇప్పటి తెలంగాణదీ కావొచ్చు. ఇలాంటి కోడ్ టేబుళ్ళకి ‘ఎప్పట్నుంచి, ఎప్పటిదాకా’ అని రెండు తేదీలు లేకపోతే నేను సంతకం పెట్టను.

అపోహ: ఇప్పుడు ఇదంతా ఏఐ చేసేస్తుంది.

మొదటి డ్రాఫ్ట్ చేస్తుంది, బాగానే చేస్తుంది. నేనూ వాడతాను. కాకపోతే అదీ టిఫిన్ దగ్గర అడిగిన ఆ తమ్ముడిలాగే, ఒకేలాంటి పేర్లు కనబడితే సంబరపడి కలిపేస్తుంది. అందుకని షీటు చివర ఒక కాలమ్ పెట్టుకున్నాను: ‘ఎవరిని అడిగాను, ఏ తేదీన’. అది ఖాళీగా ఉన్న వరుసలే యూఏటీలో (వాడబోయేవాళ్ళు చేసే చివరి టెస్టింగ్‌లో) మొదటి రోజు టెస్ట్ చేయిస్తాను.